పద్నాలుగో వీధికి ఒకే నోరు

నమోదు 611. అశ్వని కార్తె, తొమ్మిదో రోజు.

ఉదయం అయిదుంబావుకు కొలత మొదలుపెట్టి ఆరున్నరకు ముగించాను. ముప్పై ఎనిమిది ఇళ్లు. ప్రతి ఇంటి గడప బయట, నేలలో, అరచేయి పట్టేంత మూత ఒకటి ఉంటుంది. దానిని తీసి, ఇంటి గచ్చు కింద పారే చలువ కాలువలోకి చెయ్యి దించి, నీరు ఎన్ని వేళ్ల మందాన ఉన్నదో చూడాలి. ఎనిమిది వేళ్లుంటే మిట్టమధ్యాహ్నం కూడా గచ్చు మీద ఒళ్లు వాల్చవచ్చు. నాలుగుంటే ఓర్చుకోవచ్చు. రెండుకు దిగితే ఇల్లు పెనం.

ముప్పై ఏడు ఇళ్లలో ఏడు వేళ్లు. మా ఇంట ఎనిమిది. నేను వారానికొకసారి కాలువ మూతను, దాని అంచులను కొబ్బరి పీచుతో తోముతాను. ఆ ఒక్క వేలు తేడా దానివల్లనే అని నా అభిప్రాయం.

ఏడు గంటలకు ఎరువు డబ్బాలు రెల్లు మడుల వద్దకు చేర్చాను. డాబా మీది పొట్ల పాదులకు వాడకపు నీరు పెట్టాను. ఎనిమిదింటికి వీధి తిరిగి ఫిర్యాదులు సేకరించాను. పందొమ్మిది మంది ఉక్కగా ఉన్నదన్నారు. ఒకే విషయాన్ని పందొమ్మిది సార్లు రాయడం పద్ధతి కాదు. "అంశం ఒకటి: వేడి" అని ఒకసారి రాశాను. అంశం రెండు, ఆరో నంబరు ఇంటి తలుపు బందు. అంశం మూడు, చీమలు.

మా పక్కిల్లు మా అత్తగారు కాసులమ్మది. ఆమె కూతురు నూకరత్నం నా భార్య. నూకరత్నం పోయి ఆరేళ్లయింది. అత్తగారు నాకు ఎదురుపడరు. తలుపు చాటున నిలబడి, కొంగు తలమీదికి లాక్కుని మాట్లాడుతారు.

"ఒక మాటుంది అల్లుడా. మా గచ్చు నిన్న పొద్దుటేల నుంచీ..."

"వేడి. రాసుకున్నాను అత్తా."

"ఇంకా అవనేదు."

"అంశం వచ్చేసింది కదా."

"పోనీ, నానే ఆ రాయికాడికెల్లి నా మాట నాను సెప్పుకుంతాను" అన్నారు.

అది కుదరదని మర్యాదగా చెప్పాను. రాయి అంటే వీధి చివర ఉన్న చెవిరాయి. మెట్టనగరంలో ప్రతి వీధికీ ఒకటి ఉంటుంది. మనిషెత్తు నల్లని స్తంభం. దాని ముందు నిలబడి ఎవరి అవసరం వాళ్లు చెప్పుకోవచ్చు. ఒక కార్తె పొడుగునా నగరం వింటుంది. కార్తె మారిన రోజున, విన్నదానిని బట్టి, ఏ ఇంటికి ఎంత నీరు, ఏ వీధికి ఎంత పందిరి అన్నది తిరిగి నిర్ణయిస్తుంది.

కానీ మా వీధికి మా కట్టుబాటు ఉన్నది. మేమంతా ఒక ఊరి వాళ్లం. ఆ ఊరిప్పుడు నాలుగు బారల సముద్రం కింద ఉన్నది. పడవలో పదిమంది ఉన్నా కేక తండేలుది ఒక్కటే. పది నోళ్లు లేచిన పడవ ఒడ్డుకు రాదు. ఇక్కడికి వచ్చిన మొదటి రోజునే ఎర్రయ్య తండేలు అందరినీ కూర్చోబెట్టి, "రాయితోటి మాటాడ్డానికి ఒక్క నోరు సాలు. అచ్చరమ్ముక్క వచ్చినోడు దాలయ్య. ఆడే మన నోరు" అని తీర్పు చెప్పాడు. నా చదువు బడిలోది కాదు. ఐసు పెట్టెల మీది అచ్చులు, నూనె డబ్బాల మీది అంకెలు, తుపాను హెచ్చరిక కాగితాలు చూసి నేర్చుకున్నది. నలభై ఆరేళ్ల వయసులో ఆ చదువుకు దక్కిన గౌరవం ఇదొక్కటే. దానిని నేను తేలికగా తీసుకోలేదు.

నమోదు 617. భరణి కార్తె, మొదటి రోజు.

కార్తె మారింది. ముప్పై ఏడు ఇళ్లలో అయిదు వేళ్లు. మా ఇంట ఎనిమిది.

కారణాలు మూడు ఊహించాను. ఒకటి, ఏటిలో నీరు తగ్గడం. అదే అయితే మా ఇంట కూడా తగ్గాలి. రెండు, గొట్టంలో పగులు. అదే అయితే పగులుకు దిగువనున్న ఇళ్లలోనే తగ్గాలి. మూడు, పూడిక. కాబట్టి పూడిక.

సాయంత్రం వీధిని సమావేశపరచి, మా కాలువ మూత తీసి చూపించాను. ఎలా తోమాలి, పీచు ఎంత పొడవు ఉండాలి, తోమిన మడ్డి ఎక్కడ వేయాలి అన్నది ఆరు సూచనలుగా చదివి వినిపించాను.

ఎర్రయ్య తండేలు చుట్ట నోట్లోంచి తీసి అన్నాడు: "ఒరే దాలయ్యా, నువ్వు సచ్చినాక యముడు నీ పాపాల సిట్టా తీస్తాడు సూడు, దాన్ని నువ్వు లాక్కుని వరసలు సర్దీసి మళ్లా ఆడి సేతికే ఇచ్చీగలవు."

అందరూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది. సూచనలు ఆరూ మళ్లీ చదివాను.

నమోదు 624. భరణి కార్తె, ఎనిమిదో రోజు.

ముప్పై ఏడు ఇళ్ల కాలువలూ తోమారు. పదకొండు గంపల మడ్డి వచ్చింది. కొలత మారలేదు. అయిదు వేళ్లే. నా ఊహ తప్పని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

నలభై నాలుగు డిగ్రీలు. డాబా మీది సౌరపలకల కరెంటుతో పంకా రోజుకు నాలుగు గంటలు తిరుగుతుంది. అది వేడిగాలిని ఈ మూల నుంచి ఆ మూలకు చేరుస్తుంది, అంతకు మించి చేయదు. అత్తగారికి అవతల పక్కింట్లో పైడితల్లి అనే అమ్మాయి ఉన్నది. భర్త సౌరపలకలు తుడిచే పనికి కొండమీదికి వెళ్లి నెలకొకసారి వస్తాడు. రెండు నెలల మగబిడ్డ. బిడ్డ ఒళ్లంతా చెమటకాయలు.

మా ఇంటికి వచ్చి పగలు బిడ్డను పడుకోబెట్టుకోమని పైడితల్లికి చెప్పాను. వచ్చింది. అత్తగారిని కూడా పిలిచాను.

తలుపు చాటునుంచి జవాబు వచ్చింది. "కూతురు బతికుంటేనే అత్త అల్లుడింట్లో కాలు సాపుకోకూడదు. లేని కూతురింటికి ఏ మొకం ఎట్టుకుని వత్తాను?"

"ఈ వేడిలో ఆ కట్టుబాట్లెందుకు అత్తా."

"నీ కట్టుబాటు నువ్వు ఇడిసినావేటి? నన్ను రాయికాడికి ఎల్లనిచ్చినావేటి?"

అంశం రెండుగా "పసిపిల్లలకు చెమటకాయలు" అని చేర్చి రాయికి చెప్పి వచ్చాను.

నమోదు 631. కృత్తిక కార్తె, మొదటి రోజు.

ముప్పై ఏడు ఇళ్లలో మూడు వేళ్లు. మా ఇంట ఎనిమిది.

పదకొండు గంటలకు ప్రణాళికా కార్యాలయం నుంచి ఇంజినీరు జుబేదా గారు వచ్చారు. నేను నాలుగుసార్లు రాసిన వినతికి వచ్చారు. వయసు ముప్పై దాటి ఉండదు. గొడుగు మూయకుండానే మా అరుగు మీద కూర్చుని, నగరం లెక్కలు చూపే తన చేతి పలక తెరిచి చాలాసేపు చూశారు.

"దాలయ్యగారూ, ఈ వీధిలో ఎంతమంది ఉంటారు?"

"నూట నలభై ఒకరు. పైడితల్లి బిడ్డతో కలిపి."

ఆమె పలకను నా వైపు తిప్పారు. నేను చదివాను. పద్నాలుగో వీధి. అవసరం తెలిపిన నివాసితులు: ఒకరు. తీర్చిన అవసరాలు: ఒకరివి.

"నేను రోజూ వీధి తరఫున చెబుతున్నానండి. ఒక్కరోజు తప్పలేదు."

"తరఫున అన్న మాటను రాయి లెక్కలోకి తీసుకోదండి. ఎన్ని నోళ్లు వచ్చాయో, ఆ నోళ్లు ఏ ఇళ్లవో, అంతే. తొమ్మిదో వీధిలో యాభై రెండు ఇళ్లు. రోజూ యాభై రెండు ఇళ్ల వాళ్లూ వచ్చి తిట్టిపోతారు. ఉన్న నీళ్లు కొన్నే కదా. అడిగిన వాళ్లకి పోతాయి. అడగని ఇళ్లు బానే ఉన్నాయనుకుంటుంది."

"వీధి మొత్తం ఒక మనిషిని నమ్మి పంపితే?"

"పాత ఊళ్లలో జరిగింది అదేగా. ఒక పెద్దమనిషి లేచి ఊరి తరఫున అనేవాడు. బోరు తన చేలో వేయించుకునేవాడు. అది మళ్లీ జరగకూడదనే ఈ నగరం కట్టిన వాళ్లు ఎవరి నోరు వాళ్లకే ఉంచారు. నిజానికి అది మంచి ఆలోచన అండి." ఆమె మా గడప పక్కనున్న మూత వైపు చూశారు. "మీ ఇంట్లో ఎన్ని వేళ్లు?"

చెప్పాను. ఆమె పలక మూసేశారు.

నేను తోమిన పీచు, చదివిన ఆరు సూచనలు వరసగా గుర్తుకు వచ్చాయి. పదకొండు గంపల మడ్డి గుర్తుకు వచ్చింది. నగరం రెండు కార్తెలుగా ఈ వీధిలో ఒక్క మనిషినే సాకుతున్నది. వాడిని నేను.

"మీకు తెలిసింది కదండి. మీరే మార్చండి" అన్నాను.

"నేను మార్చగలిగితే ఇంకెవరైనా మార్చగలరు. అందుకే మాలో ఎవరి దగ్గరా ఆ తాళం ఉండదు. ఈ కార్తెలో అందరూ వచ్చి మాట్లాడితే రోహిణి మొదటి రోజుకి నీళ్లు వస్తాయి."

సాయంత్రం చెవిరాయి ముందు నిలబడి, నా ఇంటి నీరు మా పక్క రెండు ఇళ్లకు మళ్లించమని అడిగాను. రాయి ఎప్పటి మృదువైన గొంతుతోనే అన్నది: "మీ అవసరం చెప్పండి." మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ అదే జవాబు.

నమోదు 632. కృత్తిక కార్తె, రెండో రోజు.

వీధికి అంతా చెప్పాను. దాచలేదు. నా ఇంటి కొలత కూడా చెప్పాను.

ఎర్రయ్య తండేలు అన్నాడు: "నోరు ఆడిది. తీర్పు నాది. ఆడినొక్కడ్నీ అనకండి." తరువాత నా వైపు తిరిగి, "గొట్టం కొట్టీసి పక్కిళ్లకి తిప్పీలేమా?" అని అడిగాడు. గొట్టం రెండు నిలువుల లోతున ఉన్నదనీ, అది తెగితే మొత్తం వరసకు ఆ మూడు వేళ్లూ పోతాయనీ చెప్పాను. "అయితే అందరం ఎల్దాం" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో ఆయన చేతిలోని చుట్ట చూస్తే తెలిసింది. అది ఎప్పుడో ఆరిపోయింది.

"ఎల్లి ఏటి సెప్పాలి?" అని ఎవరో అడిగారు. మా వాళ్లు రాయితో ఎన్నడూ మాట్లాడినవాళ్లు కారు. కొందరికి భయం, కొందరికి సిగ్గు. అందరి చూపూ నా మీదికి వచ్చింది.

మధ్యాహ్నమంతా కూర్చుని రాశాను. "నేను పద్నాలుగో వీధి నివాసిని. మా ఇంటి చలువ కాలువలో నీరు మూడు వేళ్లకు తగ్గినది. దీనివలన మాకు తీవ్రమైన అసౌకర్యము కలుగుచున్నది. దయచేసి నీటిని పెంచగలరు." ముప్పై ఎనిమిది ప్రతులు. చదవడం రానివాళ్లకు నోటికి వచ్చేదాకా చెప్పించాను.

అత్తగారి ప్రతి తలుపు సందులోంచి లోపలికి జారవిడిచాను. అది అదే సందులోంచి తిరిగి బయటికి వచ్చింది.

"నీ కాయితం నాకొద్దు."

"చదవక్కర్లేదు అత్తా. నేను చెప్పిస్తాను."

"అసౌకర్యమంటే ఏటి? నాకు లేదది. నాకున్నాది మంట."

నమోదు 638. కృత్తిక కార్తె, ఎనిమిదో రోజు.

ఆరు రోజులుగా ఉదయం పూట మా వీధి వాళ్లు చెవిరాయి ముందు వరసగా నిలబడుతున్నారు. ఒక్కొక్కరూ ముందుకు వెళ్లి, చేతులు కట్టుకుని, ఒక్క అక్షరం తప్పు పోకుండా చెప్పి వస్తున్నారు. ఎర్రయ్య తండేలు కూడా చెప్పాడు. "కలుగుచున్నది" దగ్గర ఒకసారి తడబడి మళ్లీ మొదటినుంచి చెప్పాడు. వినడానికి ముచ్చటగా ఉన్నదని రాయడానికి ఈ పూట సందేహించలేదు.

నలభై అయిదు డిగ్రీలు. ఆ ఆరు రోజులుగానే మా ఇల్లు అందరికీ తెరిచి ఉంచాను. రెండు గదులు. గంటకు ఇరవై ఇద్దరు చొప్పున పట్టిక వేశాను. పసివాళ్లు, బాలింతలు, డెబ్బై దాటినవాళ్లు మిట్టమధ్యాహ్నం. గచ్చు మీద ఒకరి పక్కన ఒకరు, వలలోంచి దులిపిన చేపల్లా పడుకుంటారు. పైడితల్లి బిడ్డ రెండు గంటలు నిద్రపోయాడు.

అత్తగారి పేరు పట్టికలో మధ్యాహ్నం పన్నెండింటికి వేశాను. ఆ చోటు రోజూ ఖాళీగా ఉంటున్నది. దానిని ఇంకొకరికి ఇవ్వలేదు.

నమోదు 645. రోహిణి కార్తె, మొదటి రోజు.

ముప్పై ఏడు ఇళ్లలో ఒక వేలు. మా ఇంట ఎనిమిది.

రెండోసారి కొలిచాను. అవే అంకెలు. రోజూలాగే రాయికి చెప్పి వచ్చాను.

తొమ్మిది గంటలకే జుబేదా గారు వచ్చారు. వెంట తోపుడుబండి మీద రెండు తొట్ల ఐసు తెచ్చారు. కార్యాలయానిది కాదు, తనే ఎక్కడో అడిగి తెచ్చానన్నారు. ఐసును చూడగానే మా వాళ్ల ముఖాలు ఒక్క క్షణం మారాయి. ఎవరో చేపల వాసన లేదేమిటన్నారు. తరువాత ఆమె పలక తిప్పి చూపించారు.

అవసరం తెలిపిన నివాసితులు: ఒకరు. పునరుక్తులు: నాలుగు వందల ముప్పై రెండు.

"ఒకే మాట, అదే వరస, అవే అక్షరాలు." ఆమె గొంతు తగ్గించి చెప్పారు. "మనుషుల్ని తోలుకొచ్చి ఒకే పాఠం చెప్పించే వాళ్లుంటారని, అలా వచ్చినవన్నీ మొదటి నోటికే కలిపేస్తుంది. ఆ మాటలు కృత్తిక కంటే ముందు నుంచీ మీవే దాలయ్యగారూ. మీ వాక్యం అని దానికి తెలుసు."

పందొమ్మిది మంది చెప్పిన వేడిని ఒక్క అంశం చేసినవాడిని నేను. రాయి నాకంటే శ్రద్ధగా అదే పని చేసింది.

"ఎవరి మాటల్లో వాళ్లు చెప్పాలి. చెత్తగా చెప్పినా ఫర్వాలేదు. ఏడ్చినా ఫర్వాలేదు" అన్నారామె. "మృగశిరకి..."

"మిరగం దాకా ఉండాలి కదా తల్లీ, సెప్పడానికి" అన్నాడు ఎర్రయ్య తండేలు.

ఆమె వెళ్లిన తరువాత, రేపటినుంచి ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పండని వీధికి చెప్పాను. ఒక నడివయసు మనిషి, ఆరో నంబరు ఇంటి ముసలినాయుడు, నా ముఖం వైపు చూడకుండా అన్నాడు: "ఒక్కడివే సెప్పుతానన్నావు, సరే అన్నాం. అందరూ ఒక్కలాగే సెప్పండన్నావు, సెప్పినాం. ఇప్పుడేటి, అందరూ ఏడండంటావా? రాయికాడ ఏడిస్తే తొమ్మిదో ఈదోళ్లు సూసి నవ్వుతారు."

తండేలు లేచి నిలబడి, ఇక ఆ రాయి దగ్గరికి ఎవరూ పోవద్దన్నాడు. అది కోపం కాదు. అలసట. అందరూ తలలు ఊపారు. నేను వాదించలేదు. నా మాట మీద నాకే నమ్మకం మిగలలేదు.

నమోదు 647. రోహిణి కార్తె, మూడో రోజు.

నలభై ఏడు డిగ్రీలు. రెండు కుటుంబాలు తట్టాబుట్టా కట్టుకుని తెలిసినవాళ్లుండే మరో నగరానికి వెళ్లిపోయాయి. నూట ముప్పై రెండు మందిమి మిగిలాం.

ఉదయం ఏడింటికి ఎరువు డబ్బాలతో తిరిగి వస్తుండగా చెవిరాయి ముందు అత్తగారు కనబడ్డారు. తలమీద కొంగు, చేతిలో కర్ర. రాయికి అరచేయి ఆనించి నిలబడి ఉన్నారు. తండేలు వద్దన్నాక వెళ్లారు. నేను దూరంగా ఆగిపోయాను. పదిహేడు నిమిషాలు మాట్లాడారు. అంతసేపు ఏం చెప్పి ఉంటారో ఊహించలేకపోయాను. క్లుప్తంగా చెబితే మేలని సలహా ఇవ్వాలనిపించింది. ఇవ్వలేదు.

నమోదు 654. రోహిణి కార్తె, పదో రోజు.

మధ్యాహ్నం రెండుంబావు. పన్నెండు గంటల చోటు ఖాళీగా ఉన్నది. ఒంటిగంటకు పైడితల్లి వెళ్లి తలుపు తట్టింది. "పిల్లడ్ని తీసుకుని నువ్వు ఎల్లవే, నాను తరవాత వత్తాను" అని లోపలినుంచి జవాబు వచ్చిందట. రెండింటికి మళ్లీ తట్టింది. జవాబు రాలేదు.

తలుపు తోసి మొదటిసారి అత్తగారి ఎదుటికి వెళ్లాను. గచ్చు మీద తడిపిన చీర పరుచుకుని దాని మీద పడుకుని ఉన్నారు. చీర అప్పటికే ఎండిపోయింది. ముఖం మీద కొంగు ఉన్నది. దానిని నేను తీయలేదు. పైడితల్లి తీసింది.

ఈ పూట మిగిలిన కొలతలు తీసుకోలేదు.

నమోదు 655. రోహిణి కార్తె, పదకొండో రోజు.

మట్టి చేసి వచ్చాం. పోయినది ధనిష్ఠ నక్షత్రంలో కాబట్టి ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలని పెద్దలు చెప్పారు. తలుపుకు తాళం వేసి, వాకిట్లో ముళ్లకంప పరిచారు.

ఒక విషయం నమోదు చేయవలసి ఉన్నది. నేను పిలిచాను, ఆమె రానన్నారు, అక్కడితో నా బాధ్యత తీరిందని అనుకున్నాను. ఇద్దరం ఇళ్లు మార్చుకుని ఉండవచ్చు. నేను వెళ్లి ఆమె ఇంట్లో ఉండి, నా ఇంట్లో ఆమెను ఉంచి ఉంటే, అది అల్లుడి పంచన ఉండటం అయ్యేది కాదు. ఆ ఆలోచన నాకు తోచింది ఈ రోజు, మట్టి చేసి తిరిగి వచ్చే దారిలో. ఇరవై రెండు రోజులు ఆమె పేరును ప్రతి ఉదయం పట్టికలో అదే గడిలో రాశాను. ఆ గడి దాటి ఆలోచించలేదు.

నమోదు 659. మృగశిర కార్తె, మొదటి రోజు.

చుక్క వాన లేదు. కొలత మొదలుపెట్టాను. మొదటి ఇల్లు, తడి మాత్రమే. రెండో ఇల్లు, తడి. అలాగే వరస చివరిదాకా. మా ఇంట ఎనిమిది. తాళం వేసిన ఇంటిని కొలవవలసిన పని లేదు. కానీ అలవాటు కొద్దీ ముళ్లకంప పక్కకు జరిపి, గడప బయటి మూత తీసి చెయ్యి దించాను.

ఎనిమిది వేళ్లు.

చెయ్యి తీయకుండా చాలాసేపు అలాగే కూర్చున్నాను. నీరు చల్లగా ఉన్నది.

చెవిరాయి దగ్గరికి వెళ్లి, కాసులమ్మ ఇంటికి నీరు ఎందుకు వచ్చిందని అడిగాను. "ఈ కార్తెకు పద్నాలుగో వీధిలో అవసరం తెలిపిన నివాసితులు ఇద్దరు" అన్నది. రెండోవారి మాట వినిపించమన్నాను. నగరంలో రాయితో చెప్పిన ఏ మాటకూ దాపరికం లేదు. వినిపించింది. ఆమె గొంతు తలుపు అడ్డం లేకుండా వినడం నాకు ఇదే మొదలు. పదిహేడు నిమిషాలూ విన్నాను. చాలా భాగం పాత ఊరి సంగతులు, నూకరత్నం పుట్టినప్పటి సంగతులు. చివరి మాటలు మాత్రం ఇక్కడ ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"...మా గచ్చు కాల్తన్నాది. నాదంటే ముసలిపేనం, ఎలాగోలా ఎల్లమారిపోద్ది. పైడితల్లి గుంటడికి ఒళ్లంతా కాయలు. రేతిరి ఆ దాలయ్య గచ్చు ఎవులికో ఒకలికి ఇచ్చీస్తాడు, పట్టిక అంటాడు. నా గచ్చు సల్లబడితే గుంటడ్ని నా పక్కన తొంగోబెట్టుకుంతాను, దానికి పట్టికా గిట్టికా ఉండదు. మా అల్లుడు సెడ్డోడు కాడు. ఆడికి ఎవుల మాటా ఆకరిదాకా ఇనడం రాదు. సగంలో రాసీసుకుంతాడు. నువ్వు రాయివైనా ఇన్నావు. మంచిది. ఎల్లొత్తాను."

తిరిగి వచ్చి వీధికి చెప్పాను. తాళం తీద్దామన్నాను. ఎర్రయ్య తండేలు ముళ్లకంప వంక చూసి చాలాసేపు తల అడ్డంగా ఆడించాడు. "పాడుపెట్టిన ఇంట్లో పసిగుడ్డుని ఎట్టి ఆడికేటైనా అయితే, ఆ పాపం ఎవుడు మోస్తాడు? ఒక్క నోరు సాలని నాను ఒక తీర్పు సెప్పి ఒక పేనం తీసినాను. ఇంకోటి సెప్పలేను."

మా రెండు గదులూ వంతులవాళ్లతో నిండి ఉన్నాయి. అప్పుడు పైడితల్లి లేచి, బిడ్డను తీసుకుని వెళ్లి, ఆ ఇంటి వెలుపలి గోడకు వీపు ఆనించి కూర్చున్నది. గోడ చల్లగా ఉన్నదని చెప్పలేదు. కళ్లు మూసుకున్నది. ఆమె పక్కన ముసలినాయుడు వచ్చి కూర్చున్నాడు. మధ్యాహ్నానికి ఆ గోడ పొడవునా, ఎండ పడని రెండు పక్కలా, మా వీధి మనుషులు వీపులు ఆనించి వరసగా కూర్చుని ఉన్నారు. లోపల ఖాళీ గచ్చు కింద ఎనిమిది వేళ్ల నీరు పారుతున్నది. తండేలు కాసేపు దూరంగా నిలబడి, తరువాత ఆయన కూడా వచ్చాడు.

నేను పైడితల్లికి పక్కగా కూర్చున్నాను. బిడ్డ ఒడిలో మెడ వాల్చి ఉన్నాడు. నిన్నటినుంచి పాలు సరిగా తాగడం లేదని ఆమె చెప్పడం మొదలుపెట్టింది. నా చెయ్యి జేబులోని పెన్సిలు మీదికి పోయింది. అంశం నాకు మొదటి మాటలోనే తెలిసిపోయింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆమె చెబుతూనే ఉన్నది. బిడ్డ గురించి, కొండమీది భర్త గురించి, పాల గురించి, తన తల్లి గురించి, మళ్లీ బిడ్డ గురించి. మధ్యలో రెండుసార్లు ఆగింది. నేను ఏమీ అనకపోవడం చూసి మళ్లీ మొదలుపెట్టింది. ఎండ గోడ మూల తిరిగే దాకా విన్నాను.

అంతా అయిన తరువాత, "ఇదంతా ఎల్లి దానికి సెప్పాలా?" అని అడిగింది.

"చెప్పు తల్లీ. నేను చెప్పించినట్టు కాదు. నీకు వచ్చినట్టు."

బిడ్డను భుజాన వేసుకుని చెవిరాయి వైపు వెళ్లింది. తండేలు ఆమెను ఆపలేదు. ఆమె ఏం చెప్పిందో ఇక్కడ రాయను.

బిడ్డ ఒళ్లు కాలుతున్నది. ఆర్ద్ర కార్తెకు ఇంకా పద్నాలుగు రోజులు.